మహారాజశ్రీ గ్రాఫిక్స్ కార్డు గారి దివ్యసముఖమునకు

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

మహారాజశ్రీ గ్రాఫిక్స్ కార్డు గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు క్షేమమేనని తమ ధర చూస్తేనే తెలుస్తోంది కనుక ప్రత్యేకంగా అడగడం లేదు.

నన్ను మీరు ఎరగరు. నేను మాత్రం మూడు నెలలుగా రోజూ రాత్రి భోజనం కాగానే మిమ్మల్నే తలచుకుంటున్నాను. ఈ ఫ్లాటు కొన్నప్పుడు కూడా ఇన్ని రాత్రులు మేలుకోలేదు. ఒక ఆదివారం చూశాం, మరుసటి ఆదివారం బయానా ఇచ్చేశాం. మీ విషయంలో ఇప్పటికి పన్నెండు ఆదివారాలు పోయాయి.

ఇంతకీ మీతో నాకేం పని అంటారా? మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం హరికథ. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన సీమ మాది కనుక దాన్ని వ్యసనం అనడం తప్పేమో. శ్రీరామనవమి పందిరి ఎక్కడ వేస్తే అక్కడికి టూ-ఇన్-వన్ చంకన పెట్టుకుని వెళ్లి, ముందు వరసలో కూర్చుని రికార్డు చేసుకునేవారు. అలా పోగైనవి 64 క్యాసెట్లు, ఒక్కొక్కటి గంట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా కిటికీ రెక్కలను ఎత్తుకుపోయిన రోజున కూడా అవి ఇనుప బీరువా అడుగు అరలో, ప్లాస్టిక్ సంచిలో ముడుచుకుని ప్రాణాలు దక్కించుకున్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం అయిపోయింది. ఇక ఆ మాటలను అక్షరాల్లోకి దింపాలి. ఓపెన్‌ఏఐ అనే కృత్రిమ మేధ కంపెనీ వారు 2022లో విస్పర్ అనే నమూనాను అందరికీ ఉచితంగా వదిలారు. మాట వినిపిస్తే రాసి పెడుతుంది. తెలుగు వచ్చు, వచ్చీరాని తెలుగు. ఇంట్లోనే నడుపుకోవచ్చు. "మంచి గ్రాఫిక్స్ కార్డు ఉంటే మేలు" అని ఎవరో అన్నారు. ఆ "ఉంటే మేలు" దగ్గర మొదలైంది నా పతనం.

ముందుగా మీ పేర్ల సంగతి మాట్లాడుకుందాం. మా వైపు ఇంటిపేరు చెబితే చాలు, ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎవరికి ఏమవుతారు అన్నీ చెప్పేస్తారు. మీ పేరు ఎంతసేపు చదివినా లోపల ఏముందో తెలియదు. ఎన్విడియా కంపెనీ వారి ఇంట 2021 ఫిబ్రవరిలో పుట్టిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 12 జీబీల మెమరీ ఇచ్చారు. 2023 జూన్‌లో పుట్టిన తమ్ముడు 4060కి 8 జీబీలతో సరిపెట్టారు. అన్న మెమరీకి వెళ్లే దారి 192 బిట్ల వెడల్పు, తమ్ముడిది 128. అన్న సెకనుకు 360 జీబీలు మోస్తే తమ్ముడు 272. న్యాయంగా చెప్పాలంటే ఆటల్లో తమ్ముడే చురుకు. తిండి కూడా తక్కువ, 170 వాట్లు తినే అన్న పక్కన 115తో కడుపు నింపుకుంటాడు. కానీ నేను ఆడేవాణ్ణి కాను, హరికథ రాసుకునేవాణ్ణి. పేరులో వెయ్యి పెరిగింది కనుక లోపల కూడా అన్నీ పెరిగే ఉంటాయని నమ్మి, రెండు వారాలు తమ్ముడి వెంట తిరిగాను.

పోనీ 3060 అనే పేరునే గట్టిగా పట్టుకుందామంటే, 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీల పెద్దమనిషి ఇంకొకరు బయల్దేరారు, దారిని కూడా 128కి కుదించుకుని. 4060 టీఐ అయితే 8 జీబీలు ఒకటి, 16 జీబీలు ఒకటి. పేరు మాత్రం ఇద్దరికీ అదే. అంతకు ముందు జీటీ 1030 అనే చిన్నవాడు ఉండేవాడు. 2017లో వచ్చినప్పుడు సెకనుకు 48 జీబీలు మోసేవాడు. మరుసటి ఏడు అదే పేరుతో, నాసి మెమరీతో వచ్చినవాడు మోసింది 16.8. రేషన్ కార్డులో ఇలా ఒకే పేరుతో ఇద్దరుంటే మా ఇంటికి విచారణకు వస్తారు.

ఇక 2022 సెప్టెంబరు నాటి ఉత్సవం చెప్పకుండా ఉండలేను. ఆర్‌టీఎక్స్ 4080 అని ఇద్దరు బిడ్డలకు ఒకేసారి బారసాల చేశారు. ఒకరికి 16 జీబీలు, ఒకరికి 12. లోపలి చిప్పులు కూడా వేరు. జనం గోల పెట్టాక అక్టోబరులో చిన్నబిడ్డ పేరు వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో ఆ బిడ్డే 4070 టీఐ అనే పేరుతో మళ్లీ ఉయ్యాలెక్కింది. పళ్లెంలో బియ్యం మీద రాసిన పేరును చేత్తో చెరిపేసి ఇంకో పేరు రాసిన తండ్రిని మా బంధువర్గంలో నేనింతవరకు చూడలేదు.

ఇంత మెమరీ పిచ్చి నాకెందుకు పట్టిందో కూడా విన్నవించుకుంటాను. విస్పర్‌లో చిన్నవి, పెద్దవి కొన్ని నమూనాలున్నాయి. మధ్యరకానికి మీ దగ్గర సుమారు 5 జీబీల చోటు కావాలని, పెద్దదానికి సుమారు 10 కావాలని చేసినవారే రాశారు. మీరేమో ఎంతసేపూ మీ వేగం గురించే చెబుతారు. మా ఆవిడ సంక్రాంతికి అరిసెలు వండేటప్పుడు చూడండి. గట్టు మీద పొయ్యి, మూకుడు, పాకం గిన్నె, చలిమిడి, నూనె వత్తే చెక్కలు, అన్నీ చేతికందే దూరంలో ఉంటే గంటలో వంద అరిసెలు తీసేస్తుంది. గట్టు చాలక చలిమిడి పళ్లెం హాల్లో పెట్టామా, ప్రతి అరిసెకూ హాల్లోకి ఒక పరుగు. చేతిలో ఎంత వేగం ఉంటే ఏం లాభం? 8 జీబీల గట్టు మీద 10 జీబీల వంట పెడితే జరిగేది అదే. మిగిలినది కంప్యూటర్ మామూలు మెమరీలోకి జారుతుంది, లేదా చోటు లేదని చెప్పి మొత్తం ఆగిపోతుంది. మీ అట్టపెట్టె మీద రాక్షసుడి బొమ్మ అరచేయంత వేశారు. ఈ గట్టు కొలత మాత్రం ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో.

కుదించుకునే మార్గం లేకపోలేదు. 700 కోట్ల అంకెలున్న భాషా నమూనా ఒకటి తీసుకుంటే, అంకెకు రెండు బైట్ల చొప్పున 14 జీబీలు కావాలి. అదే అంకెను 4 బిట్లకు కుదిస్తే మూడున్నర జీబీలు, పైన కొంత చిల్లర. మా అమ్మ భాషలో చెప్పాలంటే ఇది ఎండుచేప. నీరంతా పోతుంది, బరువు తగ్గుతుంది, డబ్బాలో పడుతుంది, చేపే అని వాసన చెబుతుంది. పచ్చిచేప రుచి రాదు. అయినా వంకాయతో వండితే ఎవరూ వంక పెట్టరు.

మీ పుట్టుక కథ కూడా చదివాను లెండి. 1999లో జీఫోర్స్ 256 వచ్చినప్పుడు ఎన్విడియా వారు ప్రపంచంలోనే తొలి జీపీయూ, అంటే బొమ్మల లెక్కలు చేసే చిప్పు, అని చాటింపు వేయించుకున్నారు. అప్పటికి మీ పని తెర మీద త్రికోణాలు గీసి రంగులు పూయడం. 2006లో మీ చేత ఇతర లెక్కలు చేయించే 'కూడా' అనే సాఫ్ట్‌వేర్ ఏర్పాటు వచ్చింది. ఆ పేరు వేరే అక్షరాల్లో ఏమైనా కావచ్చు, నోటితో పలికితే అచ్చ తెలుగు. బొమ్మలే కాదు, లెక్కలు కూడా. తెలుగువాడు కుర్చీ వేసుకుని కూర్చున్నా ఇంతకంటే మంచి పేరు పెట్టలేడు. అప్పటి నుంచి శాస్త్రవేత్తలు, సినిమావాళ్లు, డిజిటల్ నాణేలు తవ్వేవాళ్లు, చివరికి నేను, అందరం మీ గుమ్మంలో నిలబడ్డాం. నాన్నగారి పోర్టు లెక్కలో చెబితే ప్రాసెసర్ అంటే బాగా చదువుకున్న ఆరుగురు మేస్త్రీలు. మీరు 3584 మంది కళాసీలు, 3060లో సరిగ్గా అంతమందే. మేస్త్రీలు ఎలాంటి చిక్కు లెక్కయినా విప్పుతారు. కళాసీలకు ఒకటే పని చెప్పాలి, అందరూ ఒకేసారి ఎత్తాలి, ఓడ ఖాళీ అయిపోవాలి. మాటను అక్షరంగా మార్చడం, చిత్రంగా, ఈ రెండో రకం పనే.

పోటీ కంపెనీ ఏఎండీ వారి కార్డుల్లో అదే ధరకు గట్టు పెద్దది. అయితే 'కూడా'కు బదులు వారి ఏర్పాటు పేరు రాక్ఎమ్. దాని రాక కోసం మధ్యతరగతి కార్డులు చాలాకాలం వీధి వైపు చూశాయి, అధికారిక జాబితాలో చోటు అంత తేలిగ్గా దొరకలేదు. ఇంటెల్ వారు 2024 డిసెంబరులో 12 జీబీలతో బీ580 అనే కార్డు తెచ్చారు. బుద్ధిగా కనిపించింది. కానీ 'కూడా' లేనిచోట ప్రతి పనికీ పక్కదారి వెతుక్కోవాలి. నా వయసుకు పక్కదారులు పడవు.

సరే, నాలుగో ఆదివారం ద్వారకానగర్ వెళ్లాను. దుకాణంలో కుర్రవాడు మర్యాదస్తుడు. కుర్చీ జరిపి, మంచినీళ్లిచ్చి, "ఏ ఆటలు ఆడతారు సార్?" అన్నాడు.

"ఆటలు కాదు బాబూ, హరికథ" అన్నాను.

ఒక్క క్షణం ఆలోచించి, "కొత్తగా వచ్చిందా సార్?" అన్నాడు.

వచ్చిందన్నాను. అంతకంటే ఏం చెప్పను? తర్వాత అతను మీ వంశంలో లైట్లున్నవారిని వరసగా బల్ల మీద నిలబెట్టాడు. ఎరుపు, నీలం, ఊదా, గుండె కొట్టుకున్నట్టు వెలిగి ఆరేవి. మా దేవుడి గదిలో నూట యాభై రూపాయల సీరియల్ సెట్టు ఉంది. దానికి ఎనిమిది తీరుల వెలుగు, పైగా అది విడిగా పవర్ సప్లై అడగలేదు. మెమరీ దారి ఎన్ని బిట్లని అడిగాను. కుర్రవాడు పెట్టె నాలుగు వైపులా తిప్పి చూసి, "పన్నెండు జీబీ సార్, చాలా పవర్‌ఫుల్" అన్నాడు. అతని తప్పేం లేదు. మీరే ఎక్కడా రాసుకోలేదు.

పవర్ సప్లై మాట వచ్చింది కనుక మా బావమరిది గురించి చెప్పాలి. గాజువాకలో ఉంటాడు. ఏ వస్తువైనా "కొంటే పెద్దదే కొనాలి బావా" అనేది అతని సిద్ధాంతం. 4090 కొనమన్నాడు. 24 జీబీలు, 450 వాట్లు, బరువు రెండు కిలోల పైమాటే. ఆ బరువుకు కార్డు నడుము వంగిపోకుండా కింద ఊతకర్ర పెట్టాలట, అది విడిగా అమ్ముతారట. ఊతకర్రతో ఇంటికొచ్చే యువకుణ్ణి నేను మొదటిసారి వింటున్నాను.

కౌపీన సంరక్షణార్థం అయం పటాటోపః అని చిన్నప్పుడు విన్న సన్న్యాసి కథ నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. గోచీని ఎలుక కొడుతోందని పిల్లిని, పిల్లికి పాలకని ఆవును, ఆవును మేపడానికి ఆలిని తెచ్చుకున్నాడు పాపం. బావమరిదిని పక్కన పెట్టి, అణకువగల 3060నే తెద్దామనుకున్నాను. దానికి 550 వాట్ల పవర్ సప్లై ఉండాలని తయారీదారు సూచన. నా దగ్గరున్నది 400. సరే, అది మార్చాలి. నాకు నచ్చిన మూడు ఫ్యాన్ల కార్డు టేపు పెట్టి కొలిస్తే నా కంప్యూటర్ డబ్బా కంటే ఒకటిన్నర అంగుళం పొడవు. డబ్బా మార్చాలి. కొత్త డబ్బా బల్ల కింది అరలో పట్టదు. బల్ల మార్చాలి. నా 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్లు, కంప్యూటర్, తెర, మీరు కలిసి బరువెత్తితే అది కీచుమని అరవడమే తరువాయి. అదీ మార్చాలి. మా ఆవిడ ఇదంతా నా నోట్‌బుక్‌లో చదివి, "చివర్లో ఇల్లు కూడా మార్చాలా?" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇంకా కొనసాగుతోంది.

అప్పుడే పాతవారి మీదకు బుద్ధి మళ్లింది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం అనే డిజిటల్ నాణెం తన పద్ధతి మార్చుకుని, నాణేల తవ్వకానికి గ్రాఫిక్స్ కార్డులతో ఇక పని లేదని చెప్పేసింది. గనుల్లో రాత్రింబవళ్లు చాకిరీ చేసిన మీ బంధువులెందరో ఆ రోజున వీధిన పడ్డారు. వారిలో ఒకరు, నెలకు ఒక్కసారి సినిమా చూడటానికి మాత్రమే వాడారన్న ధ్రువీకరణతో, మా ఊరి ఒక పాతసామాను అంగడి చేరారు. అమ్మ ఫిషింగ్ హార్బరుకు పోయే రోజే నేనూ బయల్దేరాను. అక్కడ అమ్మ వంజరం కొనడం చూస్తే మీకు చెమటలు పడతాయి. ధర అడగదు. ముందు మొప్ప ఎత్తుతుంది. ఎర్రగా ఉందా, గోధుమరంగుకు తిరిగిందా? కన్ను ఉబ్బిందా, లోపలికి పోయిందా? వేలితో నొక్కితే గుంట నిలిచిందా? అప్పుడు బేరం. నేనూ అంగట్లో మీ బంధువు మొప్ప ఎత్తాను, అంటే ఫ్యాను రెక్కల సందులోంచి ఫోను లైటు వేశాను. రేకుల మధ్య బూడిదరంగు దుమ్ము దిండులా పేరుకుని ఉంది. అంచుల వెంట నూనె జిడ్డు. చిప్పులకు అంటించే మెత్తలు ఏళ్ల తరబడి కాగితే అలా నూనె కక్కుతాయి. తెర కట్టే చోట మరలకు పచ్చని తుప్పు, మన ఉప్పుగాలి చేవ్రాలు. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి అదే గాలిలో నిలబడి ఉంది కానీ దానికి రంగులు వేయడానికి మనుషులున్నారు. ఒక ఫ్యానును వేలితో తిప్పాను. అరచుట్టు తిరిగి, గొణిగి, ఆగింది.

"నెలకు ఒక సినిమాయేనా?" అన్నాను.

"పెద్ద సినిమాలు సార్" అన్నాడు అంగడివాడు.

అమ్మకు చెబితే, "ఏరా, చేపయితే పాడైందని వాసనైనా వచ్చేది కదా" అంది.

ఈ మధ్యలో మా ఊరికే మహర్దశ పట్టింది. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గిగావాట్ స్థాయి ఏఐ కేంద్రం కడతామని ప్రకటించారు. గిగావాట్ అంటే 100 కోట్ల వాట్లు. ఖాళీగా కూర్చున్నవాణ్ణి కనుక 170తో భాగించాను. 58 లక్షల మంది 3060లకు సరిపడా కరెంటు. అందులో మీవారెందరో, మీ దాయాదులెందరో నాకు తెలియదు, కానీ ఊరి శివార్లలో అంత మంది దిగబోతుంటే, ఊరి మధ్యలో ఒక మనిషి ఒక్కరి కోసం నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు నింపుకుంటున్నాడు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

అసలు విషయం చివరికి దాచాను. సిగ్గు.

పదకొండో ఆదివారం రాత్రి, ఏమీ తేలక, ఊరికే, ఒక క్యాసెట్‌ను ఉన్న కంప్యూటర్‌కే ఇచ్చి పడుకున్నాను. గ్రాఫిక్స్ కార్డు లేదు. విస్పర్ మధ్యరకం నమూనా, నా పాత ప్రాసెసర్‌లోని ఆరుగురు మేస్త్రీలు. తెల్లారి చూస్తే రాసేసి కూర్చుంది. గంట హరికథకు నాలుగు గంటలు పట్టింది. కళాసీలుంటే కొన్ని నిమిషాల పని, కాదనను. అయినా 64 క్యాసెట్లకు 256 గంటలు, అంటే పది రోజుల పదహారు గంటలు. మీ గురించి చదవడానికి నేను పెట్టినది 84 రోజులు. ఈలోగా ఆ మేస్త్రీలు మొత్తం క్యాసెట్లను ఏడుసార్లు రాసి, ఎనిమిదోసారి మంగళం పాడే దగ్గరికి వచ్చి ఉండేవారు.

రాత అద్భుతమని అనను. కథకుడు తాళం వేస్తూ ఆగిన చోటల్లా, ఎవరూ ఏమీ అనకపోయినా, "చూసినందుకు ధన్యవాదాలు" అని తనే కల్పించి రాసింది. సీతమ్మ అశోకవనంలో ఉండగా మూడుసార్లు ధన్యవాదాలు చెప్పింది. మైకులో ఎర్ర చెప్పులు తప్పిపోయిన పాప గురించి చేసిన ప్రకటన మాత్రం ఒక్క తప్పు లేకుండా ఉంది. పెద్ద నమూనా అయితే ఇంకొంచెం మెరుగ్గా రాస్తుందట. దానికి 10 జీబీలు. చూశారా, మళ్లీ మీ గుమ్మంలోకే వచ్చాను. నిన్న రాత్రి కూడా మీ ధర చూశాను. నాలుగు వందలు తగ్గారు. సంతోషం.

ప్రస్తుతం 23వ క్యాసెట్ నడుస్తోంది. 17వ దాంట్లో కథ మొదలు కాకముందు నాన్నగారి గొంతు ఉంది. రికార్డరు బటన్ నొక్కి ఉన్న సంగతి మరిచిపోయి, పందిరి పక్క కొట్లో బ్యాటరీల బేరం. కొట్టువాడు కొత్తవి నాలుగు తీసుకోమంటున్నాడు, ఇవి ఎక్కువ రోజులు వస్తాయంటున్నాడు. నాన్నగారు వద్దంటున్నారు. పాత సెల్లులు ఎండలో పెడితే ఇంకో రెండు కథలు వస్తాయి అంటున్నారు. నేను చెవి పెట్టి నాలుగుసార్లు విన్నాను, స్పష్టంగా ఆ మాటే. విస్పర్ మాత్రం ఇలా రాసింది: "పాత పిల్లలు ఎండలో పెడితే ఇంకో రెండు కథలు వస్తాయి."

మిగతా తప్పులన్నీ దిద్దుతున్నాను. ఆ వాక్యాన్ని అలాగే ఉంచాను.

ఇట్లు,
తమ ధర తగ్గుదల కోరు,
ఒక పాత పిల్లవాడు